స్పానిష్ ఫుడ్ ట్రక్ దగ్గర మొదటి ప్లేటు: ఏం అడగాలి, ఎలా తినాలి

కారం కోసమైతే ఈ ట్రక్కు దగ్గరికి వెళ్లకండి. ఆ మాట ముందే చెప్పేసుకుంటే సగం గొడవ వదిలిపోతుంది. స్పెయిన్ వీధి తిండిలో మిరప ఉంటుంది గానీ కారం దాదాపు ఉండదు. ఆలివ్ నూనె, వెల్లుల్లి, ఉప్పు, పొగ వాసన పట్టిన ఎర్రటి మిరప పొడి, ఈ నాలుగింటి మీదే కథంతా నడుస్తుంది. అమెరికాలో ఉంటున్న మనవాళ్లు చాలామంది బోర్డు మీద ‘స్పానిష్’ అని చూసి, హాట్ సాస్ సీసా కోసం వెతికి, అది కనపడక, ‘అబ్బే, చప్పిడి’ అని తేల్చేసి వచ్చేస్తారు. ఆ తీర్పు ఇచ్చే ముందు ఒక్కసారి పద్ధతిగా తిని చూడండి. ఉదాహరణలు వాషింగ్టన్ డీసీ చుట్టుపక్కలవి తీసుకున్నాను. మీరు వేరే నగరంలో ఉంటే పార్కింగు, పన్నుల సంగతి మారుతుంది, తిండి సంగతి మారదు.

ముందు అది స్పెయిన్ ట్రక్కో కాదో చూసుకోండి

మెనూలో టాకో, బురీటో, కెసడియా ఉంటే అది మెక్సికో వంట. అదీ మంచి తిండే, కానీ ఈ గైడు దానికి పనికిరాదు. స్పెయిన్ ట్రక్కు మీద కనపడే పేర్లు వేరు: పతాతాస్ బ్రావాస్ (సాసు వేసిన వేపుడు దుంపలు), క్రొకేతాస్, తోర్తీయా, బొకదీయో (శాండ్‌విచ్), పయేయా (పెనంలో వండే అన్నం), చురోస్. ఎంపనాదా (లోపల కూర పెట్టిన కజ్జికాయ లాంటిది) ఒక్కటే చూసి నమ్మకండి, అది అర్జెంటీనా నుంచి కొలంబియా దాకా అందరిదీ. తోర్తీయా దగ్గర మాత్రం జాగ్రత్త. మెక్సికోలో అది రొట్టె, స్పెయిన్‌లో బంగాళాదుంపలు, గుడ్లు కలిపి మందంగా వేసిన అట్టు. గుడ్డు తినని వాళ్లు రొట్టె అనుకుని ఆర్డరు చేస్తే డబ్బులు దండగ.

ఇలాంటి ట్రక్కులు అమెరికాలో మరీ ఎక్కువేం లేవు. స్పెయిన్‌లో పుట్టిన షెఫ్ హోసే ఆంద్రేస్ 2012లో వాషింగ్టన్ వీధుల్లోకి ‘పేపే’ అనే ట్రక్కును దించారు. అందులో ప్రధానంగా అమ్మింది ఆ దేశపు శాండ్‌విచ్‌లే. అసలు స్పెయిన్‌లోనే ఫుడ్ ట్రక్కు రోడ్డు పక్కన రోజూ కనపడే వస్తువు కాదు. అక్కడి నగరపాలక సంస్థల నిబంధనలు గట్టివి కాబట్టి ఎక్కువగా ఉత్సవాల్లో, జాతరల్లో, ప్రత్యేక మార్కెట్లలో కనిపిస్తాయి. చురోస్ వేయించి అమ్మే బండ్లు మాత్రం ఏ ఊరి జాతరలోనైనా ఉంటాయి. కాబట్టి అమెరికాలో మీ ముందున్న ట్రక్కు అక్కడి బార్లలో చిన్న ప్లేట్లలో పెట్టే తిండిని చక్రాలెక్కించిన బండి. మెనూ చిన్నదిగా ఉంటే సంతోషించండి. ముప్ఫై రకాలు రాసిపెట్టిన ట్రక్కులో ఫ్రీజరే పెద్ద వంటవాడు.

ఎక్కడ, ఎప్పుడు

డీసీలో రద్దీ చోట్ల ట్రక్కులు నిలిపే స్థలాలను 2013లో వచ్చిన నిబంధనల ప్రకారం నెలనెలా లాటరీలో కేటాయిస్తారు. అందుకే ఈ రోజు ఒక చోట కనపడిన ట్రక్కు రేపు ఇంకో చోట ఉంటుంది. నెల కిందటి గూగుల్ రివ్యూ చూసుకుని మెట్రో ఎక్కకండి, ఆ ఉదయం ట్రక్కు వాళ్ల ఇన్‌స్టాగ్రామ్ చూసి బయల్దేరండి. వర్జీనియా వైపు ఉండే వాళ్లకు ఇంకో దారి ఉంది. వంటగది లేని బ్రూవరీలు వారాంతాల్లో ఫుడ్ ట్రక్కులను పిలిపించుకుంటాయి. మీరు బీరు తాగకపోయినా అక్కడ కూర్చోవడానికి బల్లలు, పిల్లలు ఆడుకోవడానికి జాగా దొరుకుతాయి. ఆఫీసుల వీధిలో ఫుట్‌పాత్ మీద నిలబడి తినడం కన్నా ఇది నయం.

మధ్యాహ్నం అయితే పదకొండున్నరకల్లా చేరండి. తోర్తీయా పొద్దునే వేసి ఉంచుతారు, ఉన్నన్ని ముక్కలే, అయిపోతే అయిపోయినట్టే. క్రొకేతాస్ అప్పటికప్పుడు వేయిస్తారు కాబట్టి ఆలస్యమైనా పరవాలేదు. పయేయా అమ్మే ట్రక్కైతే పెనం ఎప్పుడు దింపుతారో కిటికీ దగ్గర అడిగి, ఆ వేళకు క్యూలో ఉండండి. దింపి గంటైన పయేయాలో మెతుకు మెత్తబడి ముద్దవుతుంది.

శాకాహారులు, పంది మాంసం తినని వాళ్లు: ఈ భాగం వదిలేయకండి

ఒక ఊరట ఏమిటంటే ఈ వంటలో గొడ్డు మాంసం తక్కువ. మీట్‌బాల్స్‌లో పందితో కలిపి వేస్తారు, అంతకు మించి చిన్న ప్లేట్లలో పెద్దగా తగలదు. తగిలేదంతా పంది. హామోన్ అంటే ఉప్పులో ఊరబెట్టి నెలల తరబడి, మంచి రకమైతే ఏళ్ల తరబడి ఆరబెట్టిన పంది తొడ. చోరీసో, చిస్తోర్రా పంది సాసేజీలు. మోర్సీయాలో పంది రక్తం కూడా ఉంటుంది. ఇవి పేరుతోనే తెలుస్తాయి కాబట్టి వీటితో పేచీ లేదు. పేచీ అంతా పేరులో కనపడని పందితోనే.

క్రొకేతాస్ అంటే చిక్కటి పాల సాసును చల్లార్చి, ఉండలు చేసి, బ్రెడ్ పొడి అద్ది వేయించినవి. వేరే పేరేమీ లేకుండా ఉత్త ‘క్రొకేతాస్’ అని ఉంటే లోపల హామోన్ తరుగు ఉందనే అనుకోండి. పుట్టగొడుగులవి, పాలకూరవి ఉన్నాయేమో విడిగా అడగాలి, అద్దే పిండిలో గుడ్డు ఎలాగూ ఉంటుంది. బ్రావాస్ సాసును కొందరు మాంసం మరిగించిన నీళ్లతో చేస్తారు. సల్మొరేహో అనే చల్లటి టమాటా సూపు శుద్ధ శాకాహారంలా కనపడుతుంది గానీ, పైన గుడ్డు ముక్కలు, హామోన్ తరుగు చల్లి ఇవ్వడం ఆనవాయితీ. స్పెయిన్ వెళ్లినప్పుడు ‘బెహెతాల్’ (అంటే కూరగాయలది) శాండ్‌విచ్ చూసి మురిసిపోకండి, అందులో టూనా చేప, గుడ్డు మామూలే. వెజిటబుల్ పయేయా అని రాసి ఉన్నా అన్నం ఉడికింది చికెన్ స్టాక్‌లోనో చేపల స్టాక్‌లోనో కావచ్చు. మాంచేగో జున్ను గొర్రె పాలది, పాలు విరవడానికి సంప్రదాయంగా జంతువుల పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. అంత పట్టింపు ఉన్నవాళ్లు దాన్నీ పక్కన పెట్టాల్సిందే.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న నూనె మూకుడు. ట్రక్కులో జాగా తక్కువ, ఫ్రయ్యర్ చాలాసార్లు ఒక్కటే. అందులోనే స్క్విడ్, అందులోనే బంగాళాదుంపలు. ఇదొక్కటీ అడిగితే మీ మెనూ ఎంత మిగులుతుందో తేలిపోతుంది.

ఎలా అడగాలన్నది ముఖ్యం. ‘వెజిటేరియనేనా?’ అని ఊరుకోకండి. అవునంటారు, చేపల స్టాక్ వాళ్లకు లెక్కలోకి రాకపోవచ్చు. ‘మాంసం లేకుండా’ అని స్పానిష్‌లో చెప్పినా అంతే, చాలామందికి హామోన్, టూనా ఆ మాట కిందికి రావు. పదార్థాలు పేరుపేరునా అడగండి: హామ్ ఉందా, చేప ఉందా, గుడ్డు ఉందా, స్టాక్ దేనిది, ఫ్రయ్యర్ ఒకటేనా. కిటికీలో ఉన్నతను స్పానిష్ మాట్లాడితే ‘సిన్ హామోన్, పోర్ ఫవోర్’ అంటే హామ్ వద్దని. వంటల్లో వైను, బ్రాందీ కూడా పడుతుంటాయి, ముఖ్యంగా రొయ్యల్లో, చోరీసోలో. హలాల్ చూసుకునే వాళ్లు అదీ అడగాలి. వెనకాల క్యూ ఉందని మొహమాటపడకండి. ఇవన్నీ అడగడానికి అర నిమిషం పట్టదు.

ఇన్ని వడపోతల తర్వాత కూడా శాకాహారికి మిగిలేవి ఉన్నాయి. పాన్ కోన్ తోమాతే తప్పకుండా మిగులుతుంది. కాల్చిన రొట్టె మీద వెల్లుల్లి, పండు టమాటా రుద్ది, ఆలివ్ నూనె, ఉప్పు వేసి ఇస్తారు. ఇంతేనా అనిపిస్తుంది. టమాటా బాగుంటే ఇంతే చాలు, జనవరిలో గట్టి టమాటాతో చేస్తే మాత్రం డబ్బులు పోసి తినక్కర్లేదు.

మొదటి ఆర్డరు

ఇద్దరు వెళ్తే ఒకేసారి అన్నీ చెప్పకండి. బ్రావాస్ ఒక ప్లేటు, తోర్తీయా ఒక ముక్క, ఈ రెండే. బంగాళాదుంప, గుడ్డు, నూనె. చవకైన సరుకు కాబట్టి వంటవాడి పనితనం దాచుకోవడానికి చోటు లేదు. ఈ రెండూ బాగుంటే మిగతా మెనూకు డబ్బులు పెట్టొచ్చు, బాగోకపోతే పక్క ట్రక్కుకు వెళ్లిపోవచ్చు.

తోర్తీయా ముక్క చేతికి రాగానే కోసిన అంచు చూడండి. సరిగ్గా చేసిన దాంట్లో బంగాళాదుంప పలచటి బిళ్లలు పొరలు పొరలుగా కనపడతాయి, వాటి మధ్య గుడ్డు మెత్తగా, కాస్త తడిగా ఉంటుంది. దుంపలు ఎర్రగా వేగి ఉండకూడదు. వాటిని నూనెలో సన్నటి సెగ మీద మగ్గబెట్టి, నూనె వార్చి, కొట్టిన గుడ్లలో కాసేపు నానబెట్టి, అప్పుడు పెనం మీద పోస్తారు. ఒక వైపు గట్టిపడ్డాక పళ్లెం బోర్లించి తిరగేస్తారు. మధ్యలో జారుగా ఉంటే పచ్చిదనుకుని వెనక్కి ఇవ్వకండి, అలా ఇష్టపడే వాళ్లు ఎక్కువ. మీకు పడకపోతే, గర్భిణులైతే, బాగా ఉడికిన అంచు ముక్క అడగండి. వేడిగా లేదని కూడా కంగారు పడొద్దు, గోరువెచ్చగా తినడం అక్కడ మామూలే. ఉల్లిపాయ వేయాలా వద్దా అని స్పెయిన్‌లో రెండు వర్గాలున్నాయి, తగువు తెగదు. నా ఓటు ఉల్లిపాయకే. నెమ్మదిగా మగ్గిన ఉల్లి తీపి లేకపోతే గుడ్డు నీచు పైకి తేలుతుంది.

బ్రావాస్ మాడ్రిడ్ బార్లలో పేరు తెచ్చుకున్న ప్లేటు. వేయించిన దుంప ముక్కల మీద ఎర్ర సాసు. మాడ్రిడ్ పాతకాలపు పద్ధతిలో ఆ ఎరుపు మిరప పొడిది, టమాటాది కాదు. వేరే చోట్ల టమాటా వేస్తారు, అమెరికా ట్రక్కుల్లో ఎక్కువగా అదే. పక్కన తెల్లగా కనపడేది అల్యోలి. వెల్లుల్లిని నూనెతో నూరడం దాని పాత పద్ధతి, ఇప్పుడు దాదాపు అందరూ గుడ్డు వేసే చేస్తారు, అందుకని గుడ్డు తినని వాళ్లు విడిగా పెట్టించుకోవాలి. సాసు మొత్తం కలిపేయకుండా మొదటి ముక్కను ఎర్ర సాసులో మాత్రం ముంచి తినండి. అప్పుడు పొగ వాసన తెలుస్తుంది.

ఆ పొగ సంగతి తెలిస్తే ఈ తిండి మీద మీ అభిప్రాయం మారొచ్చు. పిమెంతోన్ అనే ఈ పొడిలో పేరుపడ్డది ఎస్త్రెమదూరా ప్రాంతంలోని లా వేరా నుంచి వస్తుంది. అక్కడ మిరప కోతకొచ్చేది శరత్కాలంలో, సరిగ్గా వానలు పడే వేళ. గుంటూరు సీమలో కళ్లాల మీద పరిచి ఎండబెట్టినట్టు అక్కడ కుదరదు. అందుకని కింద ఓక్ కట్టెలు రాజేసి, పైన అటక మీద కాయలు పోసి, రోజూ చేత్తో తిరగేస్తూ దాదాపు రెండు వారాలు పొగబెడతారు. తీపి, తీపి చేదు కలిసినది, కారం అని మూడు రకాలుగా అమ్ముతారు, ట్రక్కుల్లో ఎక్కువగా వాడేది తీపి రకం. మిరప అమెరికా ఖండాల నుంచి స్పెయిన్ చేరింది, మనకు పోర్చుగీసుల ఓడల మీద వచ్చింది. మనవాళ్లు కారాన్ని పట్టుకున్నారు, వాళ్లు రంగునీ వాసననీ పట్టుకున్నారు. అందుకే జేబులో కారప్పొడి పొట్లం ఉన్నా మొదటి ప్లేటు అయ్యేదాకా బయటికి తీయకండి. ఆ తర్వాత మీ ఇష్టం.

కొంచెమైనా నాలుక చురుక్కుమనాలంటే పాద్రోన్ మిరపకాయలు ఉన్నాయేమో చూడండి. వేలెడంత పచ్చి కాయలు, నూనెలో పొక్కులొచ్చేలా వేయించి గళ్లుప్పు చల్లి ఇస్తారు. తొడిమ పట్టుకుని మొత్తం కొరికెయ్యాలి. చాలా కాయలు కమ్మగా ఉంటాయి, మధ్యలో ఒకటి దిమ్మ తిరిగేలా తగులుతుంది. ఏది తగులుతుందో వండినవాడికీ తెలియదు. శాకాహారులు బెంగ లేకుండా తెప్పించుకోవచ్చు, నూనె సంగతి ఒక్కటి అడిగితే చాలు.

రెండో విడత

క్రొకేతా వచ్చిందా, వెంటనే నోట్లో వేసుకోకండి. పైన పెంకు చల్లబడినట్టే ఉంటుంది, లోపల పాల సాసు సలసలలాడుతుంటుంది. ఒక మూల కొరికి ఆవిరి పోనిచ్చి, నిమిషం ఆగండి. బాగా చేసినది లోపల జారుతుంది. పిండి ముద్దలా గట్టిగా తగిలితే మైదా ఎక్కువైందని అర్థం.

చేపలు తినే వాళ్లు స్క్విడ్ బొకదీయో తినాలి. మాడ్రిడ్ సముద్రానికి మూడొందల కిలోమీటర్ల అవతల ఉన్న ఊరు, అయినా అక్కడి ప్లాసా మయోర్ అనే చౌరస్తా చుట్టూ ఉన్న బార్ల పేరు మోగేది స్క్విడ్ శాండ్‌విచ్‌తోనే. పొడుగాటి గట్టి రొట్టె చీల్చి, పిండిలో దొర్లించి వేయించిన స్క్విడ్ చక్రాలు కూరతారు. పాతవాళ్లు నిమ్మరసం పిండుతారు, కొందరు అదీ వద్దంటారు. రొట్టె గట్టిగా ఉండటం తప్పు కాదు, ఆ నూనెను ఆపడానికి అలాంటి రొట్టే కావాలి. స్క్విడ్ రబ్బరులా సాగితే మాత్రం ఎక్కువ సేపు వేయించారన్నమాట.

పయేయా దగ్గర బిర్యానీ అంచనాలు పెట్టుకోవద్దు. గింజ పొట్టి, మసాలా దాదాపు లేదు, పొరలు లేవు, మూత లేదు. స్పెయిన్‌లోని వలెన్సియా ప్రాంతపు అసలు పయేయాలో కోడి, కుందేలు మాంసం, చిక్కుళ్లు, కుంకుమపువ్వు పడతాయి. 2016లో ఒక బ్రిటిష్ టీవీ షెఫ్ దాంట్లో చోరీసో వేసేసరికి స్పెయిన్ సోషల్ మీడియా ఆయన మీద విరుచుకుపడింది. ట్రక్కు పయేయాలో రొయ్యలు, చోరీసో కలిసి ఉంటే నేనైతే గొడవ పెట్టుకోను, తినేస్తాను. ఒక్కటి మాత్రం నోరు తెరిచి అడగండి: పెనం అడుగున అంటుకుని కరకరలాడే పొర. సొకర్రాత్ అంటారు. ఆ మాట మీ నోట వింటే వడ్డించేవాడు ఇంకో గరిటె వేసే అవకాశం ఉంది.

చురోస్ చివర్లో, నిలబడిన చోటే

చురోస్ పిండి మైదా, మరిగే నీళ్లు, ఉప్పు, ఇంతే. సంప్రదాయ పద్ధతిలో గుడ్డు లేదు, పాలు లేవు. దాన్ని అచ్చం మన జంతికల గొట్టం లాంటి దాంట్లో పెట్టి, నక్షత్రం బిళ్లలోంచి మరిగే నూనెలోకి ఒత్తుతారు. నక్షత్రం అందం కోసం కాదు. నున్నగా గుండ్రంగా ఒత్తితే లోపల ఆవిరి చిక్కుకుని టపీమని పేలి నూనె మీద పడే ప్రమాదం ఉంది. గాళ్లు ఉంటే లోపలి దాకా సమంగా వేగుతుంది.

దాల్చినచెక్క, పంచదార దొర్లించి ఇస్తే అది మెక్సికో అలవాటు. స్పెయిన్‌లో ఉత్తవే ఇస్తారు, లేదంటే కాస్త పంచదార, పక్కన గ్లాసులో వేడి చాక్లెట్. ఆ చాక్లెట్ తాగేంత పలచగా ఉండదు, పిండి కలిపి చిక్కబరుస్తారు. చురో ముంచి పైకి తీస్తే కారకుండా పట్టుకోవాలి. మాడ్రిడ్‌లో 1894 నుంచి నడుస్తున్న సాన్ హినేస్ దుకాణంలో అర్ధరాత్రి దాటాక కూడా దీని కోసం జనం ఉంటారు. మీ ట్రక్కు కిటికీలో చురోస్ ముందే వేయించి దీపం కింద పోగేసి ఉంటే మానేయండి. అప్పుడు ఒత్తుతుంటేనే తీసుకోండి, ఐదు నిమిషాల్లో తినేయండి.

పక్కన తాగడానికి ఓర్చాతా ఉంటే ఒకటి తీసుకోండి. వలెన్సియా ఓర్చాతా చూఫా అనే చిన్న దుంపల నుంచి తీసిన తెల్లటి పానీయం, పాలు అసలు కలవవు. మెక్సికోది బియ్యం, దాల్చినచెక్కతో చేస్తారు, డబ్బా మీద ఏది రాసుందో చూసుకోండి.

డబ్బులు, పార్శిలు

డీసీలో బయటి తిండి మీద 10 శాతం పన్ను పడుతుంది. పైగా కార్డు గీకగానే తెర మీద 18, 20, 22 శాతం టిప్పు అడుగుతుంది. కిటికీ దగ్గర నిలబడి తీసుకునేదానికి ఒకటి రెండు డాలర్లు ఇస్తే మర్యాద దక్కినట్టే, మీ అన్ని ప్రశ్నలకూ ఓపికగా జవాబు చెప్పిన వాళ్లకు ఇంకాస్త ఇవ్వండి. చిన్న ప్లేట్లు కదా అని వరసగా చెప్పుకుంటూ పోతే బిల్లు కూర్చుని తినే హోటలును దాటిపోతుంది. అందుకే రెండేసి ప్లేట్ల లెక్క.

ఇంటికి కట్టించుకోవాలంటే తోర్తీయా, క్రొకేతాస్ సరైనవి. క్రొకేతాస్ ఎయిర్ ఫ్రయ్యర్‌లో మళ్లీ పెళుసెక్కుతాయి. బ్రావాస్, చురోస్, స్క్విడ్ కారెక్కేలోపే మెత్తబడిపోతాయి, వాటిని పార్శిలు కట్టించకండి. గుడ్డు, పాలు ఉన్నవి రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు, వేసవిలో కారు డిక్కీలో అయితే గంట కూడా ఎక్కువే. ఫ్రిజ్‌లో పెట్టిన తోర్తీయాను మర్నాడు పొద్దున మైక్రోవేవ్ చేయకుండా, కాసేపు బయట ఉంచి చలి పోయాక రొట్టె మధ్యలో పెట్టుకుని తినండి. మీ కారప్పొడి పొట్లం ఇప్పుడు తీయొచ్చు.